పది ఒంటెలు, ఒక కడవ: ఆదికాండం 24ను సండే స్కూలు పిల్లలకు ఎలా చెప్పాలి

దేవుని నడిపింపు మీద పాఠం చెప్పాలంటే చాలామంది టీచర్లు మేఘస్తంభం దగ్గరికో, గిద్యోను గొఱ్ఱెబొచ్చు దగ్గరికో వెళ్తారు. అవి మంచి పాఠాలే. కానీ పదో తరగతి, ఇంటర్ దగ్గరపడుతున్న మన గుంటూరు, విజయవాడ పిల్లలకు వాటికన్నా ఆదికాండం 24 ఎక్కువ పనికొస్తుంది. అబ్రాహాము తన కొడుకు ఇస్సాకుకు పెళ్లికూతుర్ని తెమ్మని సేవకుణ్ణి తన బంధువుల దగ్గరికి పంపడం, అక్కడి బావి దగ్గర అతనికి రిబ్కా ఎదురవడం, ఇదీ అందులోని కథ. అందులో 67 వచనాలున్నాయి, ఆదికాండం మొత్తానికి అదే పొడవైన అధ్యాయం. అంత పొడవునా దేవుడు ఎవరితోనూ నేరుగా ఒక్క మాట మాట్లాడడు. ఎప్పుడో ఇచ్చిన వాగ్దానాన్ని అబ్రాహాము గుర్తు చేసుకుంటాడు, అంతే. కల లేదు, దర్శనం లేదు. దూతను పంపుతాడని 7వ వచనంలో అబ్రాహాము అంటాడు గానీ ఆ దూత ఎవరి కంటా పడడు. అయినా 50వ వచనానికి వచ్చేసరికి, ఇది యెహోవా వల్ల కలిగిన కార్యమని అవతలి ఇంటివాళ్లే ఒప్పుకుంటారు.

మన పిల్లలు బతికేది కూడా అలాంటి రోజుల్లోనే. వాళ్లకు ఆకాశం నుంచి స్వరం వినబడదు. స్వరం వినబడని రోజున దేవుడు నడిపిస్తున్నాడని ఎలా తెలుసుకోవాలో ఈ అధ్యాయం చూపిస్తుంది. అయితే దీన్ని పొరపాటుగా చెబితే "గుర్తు అడుగు, దేవుడు ఇస్తాడు" అనే ఒక్క ముక్కే పిల్లల బుర్రలో మిగులుతుంది. ఆ మర్నాడే చీటీలు రాసుకుని కళ్లు మూసుకుని తీస్తారు. కింద చెప్పే పద్ధతి అంతా ఆ పొరపాటు జరగకుండా చూడడానికే.

9 నుంచి 13 ఏళ్ల పిల్లలకు, రెండు ఆదివారాలు, ఒక్కోటి 50 నిమిషాల చొప్పున ఇది సరిపోతుంది. మే నెల వీబీఎస్‌లో (సెలవుల బైబిలు బడిలో) అయితే మూడు ఉదయాలకు సర్దుకోవచ్చు. అంతకంటే చిన్న పిల్లలు ఉంటే నీళ్ల దగ్గరి భాగం ఒక్కటి చెప్పి వదిలేయండి.

ముందు వారం మీరు చేయాల్సింది

అధ్యాయాన్ని వారంలో నాలుగుసార్లు చదవండి, ప్రతిసారీ ఒక్క విషయం కోసమే. మొదటిసారి కథ కోసం. రెండోసారి ప్రార్థనల కింద గీత గీయండి: 12 నుంచి 14 వచనాలు, 26, 27, మళ్లీ 52. మూడోసారి పరుగులు, తొందరలు వెతకండి. సేవకుడు పరుగెత్తాడు, రిబ్కా పరుగెత్తింది, ఆమె అన్న లాబాను పరుగెత్తాడు. వీళ్లందరి మధ్యా 21వ వచనంలో సేవకుడు ఒక్కడే కదలకుండా, నోరు మెదపకుండా ఆమెను చూస్తూ నిలబడ్డాడు. పాఠానికి గుండెకాయ ఆ వచనమే, దాని చుట్టూ పెన్సిల్‌తో గడి కట్టుకోండి. నాలుగోసారి బయటికి చదవండి, టైము చూసుకోండి. పూర్తిగా చదివితే పది నిమిషాలు దాటుతుంది. కాబట్టి తరగతిలో మొత్తం చదివించే ఆలోచన మానుకోండి.

ఇంకో ఇబ్బంది ఉంది. ఇప్పుడు ఇంగ్లీషు మీడియం పిల్లలే ఎక్కువ. పాత తెలుగు బైబిలు చేతికిచ్చి చదవమంటే ఒక్కో అక్షరం కూడబలుక్కుంటారు, పక్కవాళ్లు నవ్వుతారు, ఆ పిల్లో పిల్లాడో మళ్లీ ఆదివారం రారు. అందుకని చదివే పని మీరే చేయండి, ఒకేసారి మూడు నాలుగు వచనాలకు మించకుండా. త్రోవ, కడవ, తులము, ప్రమాణము, ముక్కు కమ్మి అనే అయిదు మాటలు బోర్డు మీద ముందే రాసి అర్థం చెప్పేయండి. చదవడం రాని వాళ్లకు వాక్యం అందదనే బెంగ అక్కర్లేదు. 1842 జూలై 31న లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరులో అడుగుపెట్టిన కాలానికి ఇక్కడి పల్లెల్లో అక్షరం తెలిసినవాళ్లే తక్కువ. తర్వాతి రోజుల్లో బైబిల్ స్త్రీలు ఇంటింటికీ నడిచి, వసారాల్లో కూర్చుని ఈ కథలే నోటితో చెప్పారు. ఈ ప్రాంతంలో విశ్వాసం చాలావరకు చెవి ద్వారానే పెరిగింది.

పటం ఒకటి గీసుకోండి. కింద కనాను, పైన కుడివైపు రిబ్కా వాళ్ల ఊరున్న అరామ్నహరాయిము. దారి వెంట 800 కిలోమీటర్ల పైమాటే. ఆ అంకె చెబితే పిల్లలకు ఏమీ అనిపించదు. "గుంటూరు నుంచి చెన్నైకి నడిచి వెళ్లి, మళ్లీ నడిచి వచ్చినంత" అని చెప్పండి. రోజుకు 30, 35 కిలోమీటర్లు నడిచినా మూడు నాలుగు వారాలు పడుతుంది. ఇంత ప్రయాణాన్నీ బైబిలు 10వ వచనం ఒక్కదాంట్లో ముగించేసింది. తరగతిలో ఇక్కడ ఆగి అడగండి: "ఇన్ని రోజుల్లో దేవుడు అతనితో ఎన్నిసార్లు మాట్లాడినట్టు రాసుంది?" వాళ్లే వెతికి, లేదు అని చెబుతారు. ఆ "లేదు" వాళ్ల నోటి నుంచే రావాలి.

సామాను

100 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి, 5 లీటర్ల బకెట్లు నాలుగు, స్టీలు బిందె ఒకటి, అడుగున పెట్టడానికి నీళ్లున్న పెద్ద టబ్ ఒకటి. డ్రమ్ము కొలత నమ్మకం లేకపోతే 20 లీటర్ల వాటర్ టిన్నుతో అయిదుసార్లు పోసి లోపల స్కెచ్ పెన్‌తో గీత గీసుకోండి. ఖాళీ వాటర్ టిన్నులనే ఒంటెల తొట్టిగా పెడదామని కొందరు అనుకుంటారు. వద్దు, వాటి మూతి సన్నం, గరాటు పెట్టినా సగం నీళ్లు నేలపాలవుతాయి.

కిరాణా కొట్లో 115 గ్రాముల సెనగపప్పు ఒక గుడ్డ మూటలో, 6 గ్రాములు చిన్న కాగితం పొట్లంలో కట్టించండి. ఎందుకంటే 22వ వచనంలో ముక్కు కమ్మి అర తులం, రెండు కడియాలు పది తులాలు అని ఉంది. హెబ్రీలో ఉన్న కొలత షెకెలు, సుమారు 11 గ్రాములన్నర. మన పాత తులం 11.66 గ్రాములు. తెలుగు బైబిలు తులం అనే మాట వాడడం వల్ల మన పిల్లలకు లెక్క దాదాపు సరిగ్గా కుదురుతుంది. కాకపోతే ఇప్పుడు బంగారం కొట్లలో తులమంటే 10 గ్రాములే అంటున్నారు, ఆ తేడా ఒక మాటతో చెప్పేయండి. పప్పు మూట ఒక పాప అరచేతిలో పెట్టి, "ఇంత బంగారం ముక్కూ మొహం తెలియని మనిషి చేతికిస్తే ఏమనుకుంటావు?" అని అడగండి. లాబాను ఎందుకు పరుగెత్తుకొచ్చాడో 30వ వచనం చదవకముందే వాళ్లకు తెలిసిపోతుంది.

నీళ్లు మోయించడం

ఈ భాగానికి మొదటి ఆదివారంలో 20 నిమిషాలు కేటాయించండి. మిగతాది కుదించినా దీన్ని కుదించొద్దు.

ముందు బావి సంగతి. ఫ్లాష్ కార్డుల్లో గిలక, చేద ఉన్న బావి బొమ్మ వేస్తుంటారు. 16వ వచనం అలా చెప్పడం లేదు. రిబ్కా దిగి వెళ్లి, కడవ నింపుకుని, ఎక్కి వచ్చింది. అంటే మెట్లున్న దిగుడుబావి లాంటిది. అందుకే తాడు, గిలక పక్కన పెట్టి చర్చి మెట్లు వాడండి. టబ్ మెట్ల కింద, డ్రమ్ము మెట్ల పైన. ఎనిమిది పది మెట్లుంటే చాలు.

ఇప్పుడు లెక్క. బాగా దప్పికతో ఉన్న ఒంటె ఒకేసారి 100 లీటర్ల దాకా తాగగలదు. ఆ సాయంత్రం ఆ పది ఒంటెలు ఎన్ని తాగాయో బైబిలు చెప్పలేదు, కాబట్టి మీరూ ఖాయంగా ఒక అంకె చెప్పకండి. ఒక్కోటి సగమే, 50 లీటర్లే తాగిందనుకుందాం. పది ఒంటెలకు 500 లీటర్లు. కడవకు 12 లీటర్లు పడితే 42 సార్లు దిగి ఎక్కాలి. కడుపునిండా తాగితే 1000 లీటర్లు, 84 సార్లు. డాబా మీద ఉండే వెయ్యి లీటర్ల సింటెక్స్ ట్యాంకు చూపించి, "దీన్ని ఒక అమ్మాయి బిందెతో నింపుతోంది" అనండి. మిర్చి యార్డులో పనిచేసే వాళ్ల పిల్లలుంటే ఇంకో లెక్క వేయించండి: 500 లీటర్ల నీళ్లంటే 500 కిలోలు, 40 కిలోల మిర్చి టిక్కీలు (బస్తాలు) పన్నెండున్నర. వాళ్ల ముఖాల్లో తేడా వెంటనే కనిపిస్తుంది, బరువు అంటే ఏమిటో ఆ పిల్లలకు ఇంట్లోనే తెలుసు.

నలుగురు నలుగురుగా పంపి డ్రమ్ము నింపించండి. 5 లీటర్ల బకెట్‌తో 20 సార్లు ఎక్కితే ఒక ఒంటెకు కడుపు నిండినట్టు. మొదటి ఆరేడు సార్లు కేరింతలు కొడతారు. పది దాటాక చేతులు మార్చుకుంటారు, మెట్ల మీద నీళ్లు ఒలుకుతాయి, ఒకరిద్దరు "ఇంకా ఎన్ని టీచర్?" అంటారు. డ్రమ్ము నిండగానే వాళ్లను అక్కడే కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పండి: "ఇది ఒక్క ఒంటె. ఇంకా తొమ్మిది ఉన్నాయి." తర్వాత ఒక నిమిషం మీరేమీ మాట్లాడొద్దు.

మేలో అయితే ఉదయం ఎనిమిదిన్నర లోపే ఇది అయిపోవాలి, లేదా నీడ ఉన్న మెట్లు చూసుకోవాలి. గ్రానైటు, టైల్సు మెట్లు తడిస్తే జారతాయి కనుక గోనె పట్టాలు పరవండి. ఒక పెద్దమనిషి మెట్ల మధ్యలో నిలబడాలి. పదేళ్ల లోపు వాళ్లకు చెంబులివ్వండి. వేసవిలో నీళ్లకు కటకటగా ఉండే వీధుల్లో ఇరుగుపొరుగు చూస్తుండగా వంద లీటర్లు ఒలకబోయడం బాగుండదు. అయ్యాక ఆ నీళ్లను పైపుతో చెట్లకు పెట్టించండి, పిల్లల చేతే.

చెమట ఆరేలోపు అడగాల్సిన ప్రశ్న ఇది: సేవకుడు దేవుణ్ణి ఏ గుర్తు అడిగాడు? చుక్క రాలాలనో, పక్షి కూయాలనో కాదు. నేను తాగడానికి నీళ్లడిగితే, అడగకుండానే నా ఒంటెలకూ పోస్తానన్న అమ్మాయి కావాలన్నాడు. అంటే ముక్కూ మొహం తెలియని బాటసారి పట్ల, నోరులేని జీవాల పట్ల దయ చూపే మనసు. రేపు అబ్రాహాము ఇంటి కోడలికి కావాల్సిన గుణమే అతను గుర్తుగా అడిగాడు. గుర్తుకూ పనికీ సంబంధం ఉంది. చీటీకి ఆ సంబంధం ఉండదు. నీళ్లు మోసి వచ్చిన పిల్లలకు ఈ తేడా రెండు వాక్యాల్లో అర్థమవుతుంది, మోయని పిల్లలకు అరగంట చెప్పినా అర్థం కాదు.

కథ చెప్పే వరస

ప్రమాణంతో మొదలుపెట్టండి. తొడ కింద చేయి పెట్టడం గురించి పెద్ద పిల్లలు కిసుక్కుమంటారు. "ఆ కాలంలో గట్టి ప్రమాణం చేసే పద్ధతి" అని చెప్పి ముందుకు సాగండి. అక్కడ ఆగాల్సిన పని లేదు. ఆగాల్సింది 5వ వచనం దగ్గర. "ఆమె రానంటే?" అని సేవకుడు అడిగాడు. అబ్రాహాము కోప్పడలేదు, "నీకు విశ్వాసం లేదా" అని గద్దించలేదు. దేవుడు దూతను ముందుగా పంపుతాడన్నాడు, వెంటనే 8వ వచనంలో, ఆమె రానంటే ఈ ప్రమాణం నుంచి నీకు విడుదల అన్నాడు. దూతను నమ్మిన మనిషే అవతలి అమ్మాయి "కాదు" అనడానికి చోటు ఉంచాడు. ప్రశ్న అడగడం అవిశ్వాసమని నేర్చుకుని వచ్చిన పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. వాళ్ల కోసం దీన్ని రెండుసార్లు చెప్పండి.

తర్వాత బావి. ఇక్కడ టీచర్లు సాధారణంగా దాటేసే చిన్న మాట ఒకటి ఉంది. 11వ వచనంలో అతను ఒంటెలను మోకరింపజేసింది ఊరి బయటి నీళ్ల బావి దగ్గర, సాయంకాలం, ఆడవాళ్లు నీళ్లకు వచ్చే వేళ. పెళ్లికూతుర్ని వెతకడానికి వచ్చినవాడు అమ్మాయిలు వచ్చే చోటికే, వచ్చే వేళకే వెళ్లి నిలబడ్డాడు, నిలబడి ప్రార్థించాడు. బుద్ధి వాడడం, మోకరించడం ఒకదానికొకటి అడ్డు కావని ఇంతకంటే తేలిగ్గా చూపించే చోటు దొరకడం కష్టం. ప్రార్థన ముగియకముందే రిబ్కా వచ్చిందని 15వ వచనం చెబుతుంది. 45వ వచనంలో అతనే, నా హృదయంలో చెప్పుకుంటుండగానే అంటాడు. అంటే అది మౌన ప్రార్థన. నలుగురిలో గట్టిగా ప్రార్థన చేయడానికి సిగ్గుపడే పిల్లలకు ఆ మాట ప్రత్యేకంగా చూపించండి.

అడిగిన గుర్తు అచ్చంగా జరుగుతోంది. అయినా 21వ వచనంలో అతను ఊరకే చూస్తున్నాడు, ప్రయాణం సఫలమైందో లేదో తెలుసుకోవాలని. గుర్తు దొరకగానే "హల్లెలూయ, ఇదే" అని ఎగరలేదు. 23వ వచనంలో, నీవు ఎవరి కూతురివి అని అడిగాడు. ఎందుకంటే అబ్రాహాము చెప్పిన షరతు గుర్తు కాదు, తన బంధువుల్లోనుంచి అని. గుర్తు జరిగినా ఆ మాటకు సరిపోకపోతే అతను ఆగిపోయేవాడే. నాహోరు మనవరాలినని విన్నాకే తల వంచి మొక్కాడు. బోర్డు మీద ఈ వరస రాయించండి: చెప్పిన మాట, సరైన చోటు, ప్రార్థన, చూడడం, అడగడం, అప్పుడు కృతజ్ఞత. తరువాత పెద్దల మాట, అమ్మాయి మాట కలుస్తాయి, వాటికి కింద ఖాళీ ఉంచండి.

రెండో ఆదివారం లాబాను ఇంట్లో మొదలవుతుంది. అన్నం ముందు పెట్టినా వచ్చిన పని చెప్పకుండా ముట్టనన్నాడు సేవకుడు. 34 నుంచి 49 దాకా అతను జరిగిందంతా తిరిగి చెబుతాడు. ఆ పదహారు వచనాలు మీరు చదవకండి, పిల్లల చేత చెప్పించండి. గత వారం ఎంత నిలిచిందో అక్కడే తేలిపోతుంది. తర్వాత బైబిళ్లు తెరిపించి ఒక తేడా పట్టుకోమనండి: జరిగినప్పుడు నగలు తీశాక ఎవరి కూతురివని అడిగాడు, తిరిగి చెప్పేటప్పుడు అడిగాక నగలు పెట్టానన్నాడు. చురుకైన పిల్లలు అయిదు నిమిషాల్లో పట్టేస్తారు. ఎందుకలా చెప్పాడని అడిగితే రకరకాల జవాబులొస్తాయి, రానివ్వండి. బైబిలు కారణం చెప్పలేదు, మీరూ తీర్పు చెప్పొద్దు.

58వ వచనం దగ్గర గొంతు తగ్గించండి. తల్లి, అన్న కనీసం పది రోజులు ఉండనివ్వమన్నారు. సేవకుడు తొందరపడ్డాడు. అప్పుడు ఆ అమ్మాయినే పిలిచి అడిగారు, ఈ మనిషితో వెళ్తావా అని. ఆమె చెప్పింది ఒకే మాట: "వెళ్లెదను." ఇస్సాకును చూడలేదు. ఊరు చూడలేదు. ఇప్పుడు ఆదికాండం 12:1 తీయించండి. దేశాన్ని, బంధువులను, తండ్రి ఇంటిని విడిచి వెళ్లమన్న పిలుపు అబ్రాహాముకు వచ్చింది. ఇక్కడ రిబ్కా విడిచింది కూడా సరిగ్గా ఆ మూడే. అబ్రాహాముకు దేవుని స్వరం వినబడింది. ఆమెకు వినబడింది ఒక పరాయి సేవకుడి సాక్ష్యం మాత్రమే. అబ్రాహాము విశ్వాసం గురించి ఏడాదికి పది పాఠాలు చెబుతాం. ఈ పిల్ల విశ్వాసానికి అందులో ఒక్క పాఠం కూడా దక్కకపోవడం న్యాయం కాదు.

ఆఖరి ఘట్టం, సాయంకాలం పొలంలో ఇస్సాకు, ముసుగు వేసుకున్న రిబ్కా, మూడు నిమిషాల్లో చెప్పొచ్చు.

ఎక్కడ తప్పుతుంది

సేవకుడి పేరు. ఎలీయెజెరు అని అలవాటుగా అనేస్తాం. ఆ పేరు 15వ అధ్యాయంలో ఉంది, 24లో లేదు. అతనే అయి ఉండొచ్చు, కానీ ఈ అధ్యాయం అతన్ని పేరు లేకుండానే ఉంచింది. పిల్లలకు "పెద్ద సేవకుడు" అనే చెప్పండి. అలాగే నాటకం వేయించేటప్పుడు తెల్లబట్టలు, రెక్కలు కట్టి దూతను స్టేజీ ఎక్కించకండి. చూడ్డానికి బాగుంటుంది గానీ పాఠం మొత్తం అక్కడే పాడవుతుంది. ఇక ఇస్సాకు బాలుడు కాదు, అతనికప్పుడు 40 ఏళ్లని 25:20 చెబుతుంది. రిబ్కా వయసు బైబిలు చెప్పలేదు.

వరస మాట తప్పకుండా వస్తుంది. మన పిల్లలకు చుట్టరికాలు బాగా తెలుసు. రిబ్కా తండ్రి బెతూయేలు నాహోరు కొడుకు, నాహోరు అబ్రాహాము తమ్ముడో అన్నో. అంటే బెతూయేలు ఇస్సాకుకు అన్నదమ్ముల వరస, రిబ్కా కూతురి వరస. "మరి ఎలా చేసుకున్నాడు టీచర్?" అని ఎవరో ఒకరు అడుగుతారు. కంగారుపడి దాటేయొద్దు. వాళ్ల వరసల లెక్క మనది కాదు, మేనరికం లెక్కతో దాన్ని చూడకూడదని చెబితే సరిపోతుంది. దీనికి తోడు, ఈ అధ్యాయం చూపించి "చూశారా, మనవాళ్లలోనే చేసుకోవాలి" అని కులాన్ని దూర్చే పెద్దలుంటారు. ఆ మాటకు తరగతిలో చోటివ్వకండి. అబ్రాహాము పట్టు రెండింటి మీద: కనానీయుల పిల్ల వద్దు, ఇస్సాకును వెనక్కి తీసుకెళ్లొద్దు. ఆ దేశాన్ని నీ సంతానానికిస్తానన్న వాగ్దానాన్నే అతను కారణంగా చూపాడు. అందులో కులం ఎక్కడా లేదు. ఇంకొకటి, ఇక్కడ బంగారం వెళ్లింది మగపెళ్లివారి నుంచి అమ్మాయికి. కట్నం మాట పిల్లలు ఎత్తితే ఆ వచనాలు చదివించండి.

అన్నిటికంటే పెద్ద తప్పు గుర్తుల వేట. డిసెంబరు 31 రాత్రి తీసిన వాగ్దాన కార్డును పరీక్ష ఫలితంలా చదువుకోవడం, బైబిలు గుడ్డిగా తెరిచి వేలు పడిన వచనం ప్రకారం నడవడం, ఎంపీసీనా బైపీసీనా అని చీటీలు వేయడం. పిల్లలు ఇవన్నీ ఇంట్లో చూస్తూనే ఉంటారు. పెద్దవాళ్లను ఎగతాళి చేయకండి, ఆ కార్డు మీద ఉన్నది కూడా వాక్యమే కదా. బోర్డు మీది వరసనే తీసి, ఆ పిల్ల ప్రశ్నకే పెట్టి చూపించండి. బైపీసీ తీసుకోవాలా? దేవుని మాటకు అడ్డమొచ్చేదేమైనా ఉందా. సరైన చోటికి వెళ్లావా, అంటే ఆ చదువు చదివే అక్కనో అన్ననో కలిశావా. ప్రార్థించావా. నీ మార్కులు, నీ ఇష్టం ఏం చెబుతున్నాయో కళ్లు తెరిచి చూశావా. టీచర్లను అడిగావా. అమ్మానాన్నలు ఏమంటున్నారు. నీ నోటి నుంచి "వెళ్లెదను" వస్తుందా, లేక ఎవరో తోస్తే వెళ్తున్నావా. ఈ ఆఖరి ప్రశ్న దగ్గర కొందరు పిల్లలకు కళ్లలో నీళ్లు తిరుగుతాయి. అప్పుడు పాఠం ఆపి వినండి.

అలాగే "ప్రార్థిస్తే మీ ప్రయాణం కూడా ఇలాగే సఫలమవుతుంది" అని మాట ఇవ్వకండి. తండ్రి మంచం పట్టిన పిల్ల, తల్లి పోయిన పిల్లాడు మీ ముందే కూర్చుని ఉండొచ్చు, వాళ్లూ ప్రార్థించినవాళ్లే. అలాంటివాళ్లు ఉన్నారని తెలిస్తే 67వ వచనం దగ్గర కొంచెం ఎక్కువసేపు ఉండండి. ఈ కథకు ముందు అధ్యాయం శారా సమాధి. ఇస్సాకు తల్లిని పోగొట్టుకున్న మనిషి, మూడేళ్ల తర్వాత కూడా ఆ దుఃఖం తీరలేదు. రిబ్కాను తల్లి గుడారంలోకి తీసుకెళ్లాకే ఊరట కలిగిందని ఆ వచనం చెబుతుంది. ఆ సాయంత్రం పొలంలో ఒంటరిగా తిరుగుతున్న మనిషికి, వందల కిలోమీటర్ల అవతల బావి దగ్గర ఏం జరిగిందో అప్పటికి ఏమీ తెలియదు. ఇది వివరించకండి, ఊరికే చెప్పండి.

కంఠత వాక్యం, ఇంటి పని

వాక్యం 27వ వచనం చివరి భాగం పెట్టండి, "నేను త్రోవలో నుండగానే" అనే చోటి నుంచి. ఇంట్లో కూర్చుని ఉండగా కాదు, చేరిపోయాక కాదు, త్రోవలో ఉండగా. కడవ ఆకారంలో అట్టముక్కలు ఆరు కత్తిరించి ఒక్కో దాని మీద రెండు మూడు మాటలు రాసి కలిపేయండి, జట్లుగా వరస పెట్టిస్తే పది నిమిషాల్లో వచ్చేస్తుంది. పెద్ద పిల్లలకు దీనితోపాటు కీర్తన 32:8 ఇవ్వండి.

ఇంటి పని ఒక్కటే: నాయనమ్మనో అమ్మమ్మనో అడిగి, వాళ్ల చిన్నప్పుడు నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చేవారు, రోజుకు ఎన్ని బిందెలు, ఎవరు మోసేవారు అని నాలుగు వాక్యాలు రాసుకు రమ్మనండి. పొరుగింటి హిందూ, ముస్లిం పిల్లలు వీబీఎస్‌కు వస్తే వాళ్లకూ ఇదే పని, వాళ్ల అమ్మమ్మలూ మోసినవాళ్లే. తెచ్చిన కాగితాలకు మార్కులు వేయకండి, తప్పులు దిద్దకండి. ఒక్కొక్కరిని మీ పక్కన నిలబెట్టుకుని చదివించండి. చదవడం తడబడే పిల్లలుంటే కాగితం తీసుకోకుండా, "అమ్మమ్మ ఏం చెప్పింది?" అని అడగండి.